పంచాంగం చూసి పడవ ఎక్కండి

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది దేవరకొండ దగ్గర ఒక ఊరు. నేను జెడ్పీ హైస్కూల్‌లో లెక్కలు చెబుతాను. మా వారు ఎరువుల షాపు నడుపుతారు. పాప తొమ్మిదో తరగతి, బాబు ఐదో తరగతి. సూర్యలంకలో ఒకసారి కాళ్లు తడుపుకోవడం తప్ప మాకు సముద్రం తెలియదు. అండమాన్‌లోని హావ్‌లాక్ దీవికి వెళ్లి, బీచ్‌లో టెంట్ వేసుకొని, కయాకింగ్ చేసి రావాలని పిల్లల కోరిక. రాత్రిపూట తెడ్డు వేస్తే అక్కడ నీళ్లు వెలుగుతాయట. ఆ వీడియో చూసినప్పటి నుంచి పాపది అదే మాట. అక్కడి ప్రకృతికి మా వల్ల హాని జరగకుండా వెళ్లి రావాలని నా కోరిక. సంక్రాంతి సెలవుల్లో వెళ్దామనుకుంటున్నాం. మాలో ఈత వచ్చింది ఒక్క మా వారికే. మా అత్తమ్మేమో, సునామీ వచ్చిన చోటికి పిల్లల్ని తీసుకుపోతారా అని ఒకటే టెన్షన్ పడుతున్నారు. ఎలా ప్లాన్ చేసుకోవాలి?

జవాబు: చెల్లెమ్మా, టికెట్లు ఇంకా కొనలేదు కదా? ఆగండి. ముందు గోడకున్న పంచాంగం క్యాలెండర్ తీసి బల్ల మీద పెట్టుకోండి. ఏ నెలలో వెళ్తారన్నదానికంటే ఏ తిథిలో వెళ్తారన్నదే మీకు ముఖ్యం. ఇది జాతకాల మాట కాదు, పూర్తిగా నీళ్ల లెక్క.

మనం చెరువుల వాళ్లం. పొద్దున కట్ట మీద ఏ రాయిని నీళ్లు తాకుతున్నాయో సాయంత్రం కూడా అదే రాయిని తాకుతుంటాయి. సాగర్ నిండాలన్నా, తగ్గాలన్నా వారాలు పడుతుంది. అండమాన్ సముద్రం అలా కాదు. రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు. పోటులో నీళ్లు ఒడ్డు మీదికి ఎక్కుతాయి, ఆటులో దిగిపోతాయి. అమావాస్యకూ పౌర్ణమికీ ఈ తేడా రెండు మీటర్ల దాకా ఉంటుంది. రెండు మీటర్లే కదా అనిపిస్తుంది. కానీ హావ్‌లాక్ తూర్పు ఒడ్డున, గోవిందనగర్, విజయనగర్ బీచ్‌ల దగ్గర, నేల పళ్లెంలా చదునుగా ఉంటుంది. అక్కడ ఆటు వచ్చిందంటే నీళ్లు చాలా దూరం వెనక్కి పోయి రాళ్లు, పగడాలు బయటపడతాయి. పొద్దున కయాక్ తేలిన చోట సాయంత్రం పీతలు తిరుగుతుంటాయి.

ఇది తెలియకే నేను మొదటిసారి తప్పు చేశాను. ఎండ తగ్గాక బాగుంటుందని మధ్యాహ్నం మూడింటికి కయాక్ అద్దెకు తీసుకున్నాను. పౌర్ణమి మర్నాడు అది. అద్దెకిచ్చినతను సరే అన్నాడు, నేనూ ఏమీ అడగలేదు. వెళ్లేటప్పుడు బాగానే ఉంది. కాసేపటికి తిరిగి వస్తుంటే కయాక్ అడుగు కరకరమని గీసుకుంది. చూస్తే మోకాలి లోతు కూడా లేదు, చుట్టూ పగడాలు. దిగి లాక్కుంటూ రావాల్సి వచ్చింది. నా అరికాలు తెగింది, అది వారంలో మానింది. నా కాళ్ల కింద పుటుక్కుమన్న పగడాలు మాత్రం మళ్లీ ఆ ఎత్తుకు రావాలంటే ఏళ్లు కావాలి. కొమ్మల్లా పెరిగే రకాలు ఏడాదికి కొన్ని సెంటీమీటర్లు పెరుగుతాయి, గుండ్రాళ్లలా పెరిగేవి అంతకంటే చాలా నెమ్మది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది. మీ వల్ల హాని జరగకూడదని రాశారు కాబట్టే అన్నిటికంటే ముందు ఈ మాట చెబుతున్నాను.

మీరు లెక్కల టీచర్ కదా, ఈ లెక్క పిల్లలతో కలిసి చేయండి. పోటు నిండినప్పటి నుంచి ఆటు పూర్తయ్యే వరకు సుమారు ఆరు గంటలు. దిగే నీటిని పన్నెండు వాటాలు అనుకుంటే మొదటి గంటలో ఒక వాటా, రెండో గంటలో రెండు, మూడో గంటలో మూడు, నాలుగో గంటలో మూడు, ఐదో గంటలో రెండు, ఆరో గంటలో ఒకటి దిగుతుంది. నావికులు చాలాకాలంగా వాడుతున్న ఉజ్జాయింపు లెక్క ఇది. అంటే మధ్య రెండు గంటల్లోనే సగం నీరు కదిలిపోతుంది. ఆ సమయంలోనే ప్రవాహం జోరుగా ఉంటుంది, కొత్తవాళ్లు అప్పుడు నీళ్ల మీద ఉండకూడదు. పోటు నిండడానికి గంటన్నర ముందు దిగండి, నిండిన తర్వాత గంట లోపల ఒడ్డెక్కండి. పోటు సమయం రోజుకు దాదాపు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతుంది. సోమవారం పదింటికి నిండితే గురువారం పన్నెండున్నరకు నిండుతుంది. కాబట్టి "రోజూ పొద్దున తొమ్మిదికి కయాకింగ్" అని ముందే టైంటేబుల్ వేసుకుంటే కుదరదు.

ఇప్పుడు తిథి సంగతి. అమావాస్యకూ పౌర్ణమికీ పోటు పెద్దది, ఆటు పెద్దది, ప్రవాహమూ బలంగా ఉంటుంది. అష్టమి నాటికి, ఆ తర్వాత ఒకటి రెండు రోజులు, ఈ తేడా బాగా తగ్గుతుంది. నీళ్లు నెమ్మదిగా కదులుతాయి. తెడ్డు పట్టడం నేర్చుకునేవాళ్లకు అవే మంచి రోజులు. నెలకు రెండు అష్టములు వస్తాయి. అందులో మీకు కావలసింది బహుళ అష్టమి. శుద్ధ అష్టమి నాడు పొద్దు గూకేసరికే చంద్రుడు నడినెత్తిన ఉంటాడు, ఆ వెన్నెల్లో నీళ్ల వెలుగు సరిగా కనపడదు. బహుళ అష్టమి నాడైతే చంద్రుడు రాత్రి పదకొండు ప్రాంతంలో గానీ రాడు. నెమ్మది నీళ్లు, చీకటి సాయంత్రం, రెండూ కలిసి దొరికేది ఆ వారంలోనే. బహుళ అష్టమి నుంచి ద్వాదశి దాకా మీరు దీవిలో ఉండేలా చూసుకోండి.

సంక్రాంతి సూర్యుడి పండుగ. ఏటా జనవరి 14, 15 తేదీల్లోనే వస్తుంది. ఆ రోజు చంద్రుడు ఒక ఏడాది పౌర్ణమి దగ్గర ఉంటాడు, ఇంకో ఏడాది అమావాస్య దగ్గర. పైగా ఆ రోజుల్లో ఈశాన్యం గాలులు ఇంకా వీస్తుంటాయి, తూర్పు ఒడ్డున నీళ్లు అలలు లేస్తూ ఉంటాయి. సెలవుల రద్దీ, విమానం టికెట్ల ధర మీకు తెలిసిందే. నా సలహా, మహాశివరాత్రికి ముందు వారం వెళ్లండి. శివరాత్రి ఎప్పుడూ మాఘ బహుళ చతుర్దశే కాబట్టి ఆ ముందు వారంలో మీకు కావలసిన తిథులే ఉంటాయి. ఫిబ్రవరి, మార్చి అంటే గాలి తగ్గి సముద్రం చదునయ్యే కాలం కూడా. త్రయోదశి నాటికి తిరిగొస్తే అత్తమ్మతో పాటు ఉపవాసం, జాగరణ ఇంట్లోనే. పరీక్షల ముందు సెలవు పెట్టడం టీచర్లకు ఎంత కష్టమో నాకు తెలుసు. క్యాజువల్ లీవులు ఇప్పటి నుంచే దాచుకోండి. పాప పదో తరగతిలోకి వస్తే ఆ ఏడాది మీరు కదలలేరు కాబట్టి ఈసారే వెళ్లండి. ఏం చేసినా సంక్రాంతికే వీలవుతుందంటే ఆ వారం తిథి చూసుకోండి. చీకటి సాయంత్రాలు లేకపోతే నీళ్ల వెలుగు ఈసారికి కుదరదని పాపకు ఇంట్లోనే చెప్పి తీసుకెళ్లండి. అక్కడికి వెళ్లాక చెబితే పిల్ల మనసు నొచ్చుకుంటుంది.

పోటు సమయాలు ఎక్కడ దొరుకుతాయంటారా? పోర్ట్ బ్లెయిర్‌కు సంబంధించిన పోటు పట్టికలను సర్వే ఆఫ్ ఇండియా ఏటా వేస్తుంది. అలల ఎత్తు, గాలి సూచనలు ఇచ్చే ఇన్‌కాయిస్ అనే కేంద్ర సంస్థ మన హైదరాబాద్‌లోనే, ప్రగతి నగర్‌లో ఉంది. దేశం తీరమంతటా జాలర్లు వేటకు వెళ్లాలా వద్దా అన్నది ఆ సంస్థ సూచనలు చూసి తేల్చుకుంటారు. దాని వెబ్‌సైట్‌లో అండమాన్‌కు విడిగా సూచనలు ఉంటాయి. వెళ్లడానికి నెల ముందు నుంచే పాపకు రోజూ చూపించి ఒక నోటుబుక్కులో రాయించండి. అక్కడికి చేరేసరికి ఆ సముద్రం ఆ పిల్లకు కొంత పరిచయమై ఉంటుంది.

ఇక ఈత. మా చిన్నప్పుడు వ్యవసాయ బావుల్లో నడుముకు ఎండిన సొరకాయ బుర్ర గానీ, ఖాళీ నూనె డబ్బా గానీ కట్టుకొని నేర్చుకున్నాం. మీ వారి ఈత కూడా అలాంటిదే అయి ఉంటుంది. అది మంచి ఈతే. కాకపోతే బావిలో నాలుగు బారలు వేస్తే గోడ అందుతుంది, సముద్రంలో అందుకోవడానికి ఏమీ ఉండదు. కాబట్టి ఆయన ఒక్కరికి వచ్చు కదా అని ధైర్యం పెట్టుకోకండి. ఒకరు ముగ్గురిని కాపాడలేరు. హావ్‌లాక్‌లో కయాక్ నడిపించేవాళ్లు ఈత రానివాళ్లను కూడా లైఫ్ జాకెట్ వేసి ఎక్కిస్తారు. వాళ్లు ఒప్పుకున్నా మీరు తొందరపడకండి. మూడు నెలలు టైం పెట్టుకొని నల్గొండలోనో హైదరాబాద్‌లోనో స్విమ్మింగ్ పూల్‌కు వెళ్లి నలుగురూ మూడు పనులు నేర్చుకోండి: లైఫ్ జాకెట్‌తో వెల్లకిలా తేలడం, బోల్తా పడ్డాక కయాక్‌ను వదలకుండా పట్టుకోవడం, నీళ్లలో నుంచి మళ్లీ దాని మీదికి ఎక్కడం. వేగంగా ఈదడం అవసరం లేదు. నీళ్లు ముక్కులోకి పోయినప్పుడు భయపడకుండా ఉండడం ఎక్కువ అవసరం. చాలామంది మొదటి రోజే తెడ్డు పట్టేస్తారు, బోల్తా పడడం మాత్రం ఎవరూ సాధన చేయరు. మీరు కావాలని నాలుగుసార్లు బోల్తా పడండి.

వికారాబాద్ జిల్లా కోట్‌పల్లి ప్రాజెక్టులో కయాకింగ్ ఉందని మీరు వినే ఉంటారు. బోట్లు ఆ రోజుల్లో నడుస్తున్నాయో లేదో ఫోన్‌లో కనుక్కొని ఒక ఆదివారం వెళ్లి రండి. కృష్ణలో జాలర్లు తిప్పే పుట్టి ఎక్కిన అనుభవం ఉంటే కయాక్ మీకు వింతగా అనిపిస్తుంది. పుట్టి గుండ్రం, తెడ్డు ఒక పక్కే వేస్తే గిర్రున తిరుగుతుంది. కయాక్ సన్నం, ముక్కు ఎటు తిప్పితే అటు దూసుకుపోతుంది. తెడ్డుకు రెండు కొనలుంటాయి, కుడి ఎడమ మార్చి వేయాలి. చేతులతో లాగితే పావుగంటలో భుజాలు పట్టేస్తాయి. వెన్ను నిటారుగా పెట్టి, పాదాలు ఆన్చి, నడుము నుంచి ఒళ్లు తిప్పుతూ వేయాలి. ఇద్దరు కూర్చునే కయాక్‌లు తీసుకోండి. పిల్లలు ముందు, పెద్దవాళ్లు వెనక. వెనక ఉన్నవాళ్లే దారి నడుపుతారు. లైఫ్ జాకెట్ బకిల్స్ పెట్టాక భుజాల దగ్గర పట్టి పైకి లాగి చూడండి. అది బాబు చెవుల దాకా వస్తే సైజు పెద్దదని అర్థం, వేరేది అడగండి. లేదంటే ఆ రోజు మానుకోండి.

టెంట్‌కు కూడా సాధన కావాలి. అందుకు మీకు మంచి చోటు పక్కనే ఉంది. నేరేడుగొమ్ము మండలంలోని వైజాగ్ కాలనీ, సాగర్ బ్యాక్ వాటర్ ఒడ్డున. విశాఖ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ జాలరి కుటుంబాల వల్ల దానికి ఆ పేరు వచ్చింది. ఆ కుటుంబాలను అడిగి, వాళ్లు చూపిన చోట ఒక రాత్రి టెంట్ వేసి పడుకోండి. రాత్రి నీళ్ల మీది గాలికి టెంట్ ఎలా కొట్టుకుంటుందో, నలుగురికి వంటకూ స్నానానికీ ఎన్ని బిందెలు పట్టాయో అక్కడ తెలుస్తుంది. తెల్లారాక మీ చెత్తంతా ఒక గోతాంలో వేసి ఇంటికి తెండి. మీ వారి షాపులో కాటా ఉంటుంది కదా, తూకం వేసి ఐదుతో గుణించండి. దీవిలో ఐదు రోజులకు మీరు పోగుచేయబోయే చెత్త అంత. అంకె చూశాక ఏ ప్యాకెట్లు కొనకూడదో పిల్లలే చెబుతారు. వైజాగ్ కాలనీ ఒడ్డున ఆదివారం మర్నాడు సీసాలు, ప్లాస్టిక్ గ్లాసులు ఎలా పడి ఉంటాయో మీరు చూసే ఉంటారు. నాకు అది చూస్తే కడుపు రగిలిపోతుంది. అవి తిరిగి చేరేది మన కృష్ణలోకే.

హావ్‌లాక్‌లో మాత్రం బీచ్‌లో సొంత టెంట్ ఆలోచన మానుకోండి. అనుమతి లేకుండా అక్కడ బీచ్‌లో టెంట్ వేయకూడదు. రాధానగర్ బీచ్‌లో చీకటి పడగానే గార్డులు అందరినీ పంపేస్తారు. ఆ నియమానికి కారణాలున్నాయి. అండమాన్ నికోబార్ తీరాల్లో నాలుగు రకాల సముద్రపు తాబేళ్లు గుడ్లు పెడతాయి. మీరు వెళ్లే నెలల్లోనే చాలా తాబేళ్లు రాత్రిపూట ఒడ్డుకు వస్తాయి. టార్చి వెలుగు, మంట, మాటల చప్పుడు ఉంటే తల్లి తాబేలు గుడ్లు పెట్టకుండానే వెనక్కి పోతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్లలు వెలుగు వైపు నడుస్తాయి. సముద్రం మీది మసక వెలుగు వైపు పోవాల్సినవి మన టెంట్ లైటు వైపు వస్తాయి. కాబట్టి బస చేసే చోటు వాళ్ల సొంత తోటలో టెంట్లు గానీ, వెదురు గుడిసెలు గానీ ఉన్నది చూసుకోండి. కొబ్బరి చెట్టు కింద టెంట్ వేస్తామంటే వేరే చోటు అడగండి. గ్యాస్ సిలిండర్ ఎంత చిన్నదైనా విమానంలో తీసుకెళ్లనివ్వరు, అందుకని స్టవ్ గురించి ఆలోచించకండి. పవర్ బ్యాంకు చేతి బ్యాగులోనే ఉండాలి. సన్నటి ఇసుక దోమలు సాయంత్రాలు కుడతాయి, నిండు చేతుల చొక్కాలు పెట్టుకోండి. అవి వేసుకుంటే సన్‌స్క్రీన్ వాడకమూ తగ్గుతుంది. ఆ క్రీముల్లోని కొన్ని రసాయనాలు, ముఖ్యంగా ఆక్సీబెంజోన్, పగడాలకు హాని చేస్తాయి.

'ఎకో' అన్న మాట అక్కడ చాలా బోర్డుల మీద ఉంటుంది. బోర్డు చూసి బుక్ చేయకండి. ఫోన్ చేసి నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి అని అడగండి. నల్గొండ వాళ్లకు ఈ ప్రశ్న ఎందుకో వివరించక్కర్లేదు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిన మనుషుల మధ్య పెరిగాం, తాగే బిందె నీళ్ల కోసం ఎంత దూరం నడిచామో తెలుసు. అండమాన్‌లో ఏడాదికి దాదాపు 3000 మిల్లీమీటర్ల వాన పడుతుంది, మన దగ్గర పడేదానికి నాలుగు రెట్లు. అయినా ఫిబ్రవరి దాటితే అక్కడ మంచినీళ్లకు కటకటే. చిన్న దీవులు, నిటారు వాలు, వాన నీళ్లు నిలవకుండా సముద్రంలోకి పోతాయి. ఊటలు, బావులు, దాచుకున్న వాన నీళ్లే ఆధారం. టూరిస్టు షవర్ కింద పావుగంట నిలబడితే ఆ నీళ్లు ఊరి వాళ్ల వాటాలోవే. మీ ఇంట్లో బకెట్, చెంబుతో ఎలా స్నానం చేస్తారో అక్కడా అలాగే చేయండి. వాన నీళ్లు పట్టుకుంటాం, బకెట్ ఇస్తాం, వాడిన నీళ్లు తోటకు పోతాయి అని ఎవరైనా సూటిగా చెబితే ఆ చోటు బుక్ చేయండి. స్విమ్మింగ్ పూల్ ఉందని గొప్పగా చెబితే వద్దు. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ మీద ఆ దీవుల్లో నిషేధం ఉంది, స్టీలు సీసాలు మనిషికొకటి తీసుకెళ్లండి. గవ్వలు, పగడం ముక్కలు ఏరుకోవద్దని బాబుకు ముందే చెప్పండి. పగడాలకు, కొన్ని రకాల శంఖాలకు వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది, సంచిలో దొరికితే నేరం.

హావ్‌లాక్ ఊళ్లలో ఎక్కువమంది తూర్పు బెంగాల్ నుంచి శరణార్థులుగా వచ్చిన కుటుంబాల వాళ్లు. గోవిందనగర్, కృష్ణనగర్, శ్యామ్‌నగర్ అని ఊళ్ల పేర్లు చూస్తేనే తెలుస్తుంది. వాళ్ల చిన్న హోటళ్లలో అన్నం, పప్పు, చేపల కూర తినండి. డబ్బు అక్కడే ఉంటుంది, ప్యాకెట్ చెత్తా ఉండదు. హిందీ వస్తే చాలు. పోర్ట్ బ్లెయిర్‌లో అయితే తెలుగు కూడా వినపడుతుంది, ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి స్థిరపడ్డవాళ్లు చాలామంది.

ఇప్పుడు పాప అడిగిన వెలుగు. అవి డైనోఫ్లాజెలేట్లు అనే సూక్ష్మజీవులు. కంటికి విడివిడిగా కనపడవు. నీళ్లు కదిలినప్పుడు వాటి లోపల లూసిఫెరిన్ అనే పదార్థం ఆక్సిజన్‌తో కలిసి నీలిరంగు వెలుగు వస్తుంది. మిణుగురు పురుగు వెలిగేదీ ఈ తరహాలోనే. వీడియోలో చూసినంత కాంతి కంటికి కనపడకపోవచ్చని పాపకు చెప్పి ఉంచండి. కళ్లు చీకటికి అలవాటు పడడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. మధ్యలో ఒక్కరు ఫోన్ తెరిచినా మళ్లీ మొదటి నుంచి. ఫోన్ గదిలో వదిలేసి వెళ్తే తెడ్డు కొన నుంచి చుక్కలు రాలడం కనపడుతుంది. నేను చూసిన రాత్రి మా పడవలో ఎవరూ చాలాసేపు మాట్లాడలేదు.

ఆ వెలుగు ఎక్కువగా చూపించేది మడ అడవుల పాయల్లో. ఆ పాయల్లోనే ఉప్పునీటి మొసళ్లు కూడా ఉంటాయి. కృష్ణలోనూ మొసళ్లున్నాయి కదా అనుకోకండి. ఇవి వేరే జాతి, చాలా పెద్దవి, మనిషి మీదికి వస్తాయి. 2010లో రాధానగర్ దగ్గర ఒక విదేశీ పర్యాటకురాలు మొసలి దాడిలో చనిపోయింది. అలాంటివి అరుదు, కానీ జరిగాయి. కాబట్టి రాత్రి కయాకింగ్‌కు స్థానిక గైడ్‌తో గుంపుగా తప్ప వెళ్లొద్దు. ఈ వారం ఆ పాయలో మొసలి కనపడిందా అని ఆయన్ను నేరుగా అడగండి. జవాబు దాటవేస్తే డబ్బు పోయినా సరే మానుకోండి. చీకట్లో చేతులు నీళ్లలో పెట్టకూడదు. బాబును రాత్రి తీసుకెళ్లొద్దు. పదేళ్ల పిల్లాడు నిద్రమత్తులో కదలకుండా కూర్చోలేడు. మీరో, మీ వారో ఒకరు పాపతో వెళ్లండి, రెండోవారు బాబుతో ఉండండి. వాడికి పొద్దుటి పోటులో మడ అడవి చూపించండి. నీళ్లలోంచి మేకుల్లా పైకి లేచిన వేర్లు, ఆ వేర్లతోనే గాలి పీల్చుకునే చెట్లు, వేర్ల మధ్య దాక్కునే చేప పిల్లలు, వాటిని వాడు మరిచిపోడు.

మిగిలిన ఏర్పాట్లు పెద్ద కష్టం కాదు. శంషాబాద్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు నేరుగా విమానం ఉంది, రెండున్నర గంటల లోపే. 2024 సెప్టెంబర్ నుంచి ఆ ఊరి పేరు శ్రీ విజయపురం, హావ్‌లాక్ పేరు 2018 డిసెంబర్ నుంచి స్వరాజ్ ద్వీప్. టికెట్ల మీద ఏ పేరున్నా కంగారు పడకండి. అక్కడి నుంచి ఓడ. ప్రైవేటువి గంటన్నరలో చేరుస్తాయి. ప్రభుత్వ ఓడ ఇంకో గంట ఎక్కువ తీసుకుంటుంది, ఖర్చు బాగా తగ్గుతుంది. సముద్రం బాగా లేకపోతే ఓడలు రద్దవుతాయి. అందుకే తిరుగు విమానానికి ముందు రాత్రి తప్పకుండా పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండండి, హావ్‌లాక్‌లో కాదు. ఫిబ్రవరిలో అక్కడ ఐదున్నర దాటితే పొద్దు గూకుతుంది, మన కంటే ముక్కాలు గంట ముందు. పగటి కయాకింగ్‌ను నాలుగున్నరకల్లా ముగించండి. కొంత నగదు దగ్గర ఉంచుకోండి, ఏటీఎంలు తక్కువ.

అత్తమ్మ భయాన్ని కొట్టిపారేయకండి. ఆమె అన్నది నిజం. 2004 డిసెంబర్ 26న ఆ దీవులు చాలా నష్టపోయాయి, నికోబార్ మరీ ఎక్కువ. ఇప్పుడున్న తేడా ఏమిటో ఆమె పక్కన కూర్చొని చెప్పండి. సునామీ హెచ్చరిక కేంద్రం 2007 నుంచి పనిచేస్తోంది. అది కూడా నేను పైన చెప్పిన ఇన్‌కాయిస్‌లోనే, మన హైదరాబాద్‌లోనే ఉంది. మీరూ ఒక నియమం పెట్టుకోండి. నేల గట్టిగా కంపించినా, పోటు పట్టికలో లేని సమయంలో నీళ్లు ఉన్నట్టుండి వెనక్కి పోయినా, ఎవరి ప్రకటన కోసమూ ఆగకుండా ఎత్తు ప్రదేశానికి నడవాలి. సామాను వదిలేయాలి. బసకు చేరిన మొదటి గంటలోనే ఆ ఎత్తు ప్రదేశం ఏదో అడిగి, పిల్లల్ని ఒకసారి అక్కడిదాకా నడిపించండి. మామూలు ఆటు ఎప్పుడొస్తుందో నోటుబుక్కులో రాసుకున్న పాపకు మామూలు కానిదేదో వెంటనే తెలుస్తుంది.

ఆ నోటుబుక్కులో ఐదు రోజుల పోటు సమయాలు ఉన్న పేజీని పాప చేతే ఇంకో కాగితం మీద పెద్ద అక్షరాలతో రాయించి అత్తమ్మకు ఇవ్వండి. మీరు ఏ రోజు ఏ గంటకు నీళ్లలోకి దిగుతారో, ఏ గంటకు ఒడ్డెక్కుతారో పక్కన వేయండి. ఒడ్డెక్కగానే ఆమెకు ఫోన్ చేయండి. సిగ్నల్ అందకపోతే ఎంతసేపు ఆగాలో కూడా ఆ కాగితం మీదే రాయండి.